రోటాక్స్ 503లో ఏ ఆయిల్ కలపాలి: ఒకసారి తప్పు చేసినవాడి జవాబు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: గాలితో చల్లబడే రోటాక్స్ 503 అనే టూ స్ట్రోక్ ఇంజను (పెట్రోలుతోపాటే ఆయిల్‌ను కూడా కాల్చేది) ఉన్న చిన్న విమానాన్ని మీరు ఈమధ్యే కొన్నారు. పాత యజమాని దానితోపాటు పడవ మోటార్లలో వాడే ఆయిల్ డబ్బాలు రెండు ఇచ్చారు. వాటినే పెట్రోలులో కలిపి వాడవచ్చా, లేక ఖరీదైన పూర్తి సింథటిక్ ఆయిల్ కొనాలా అని అడిగారు. పడవ ఆయిల్ వద్దు. పూర్తి సింథటిక్ కావాలా వద్దా అన్నది మాత్రం మీరు ఎంత తరచుగా ఎగురుతారో దాన్నిబట్టి ఉంటుంది.

పడవ ఆయిల్ విషయం సొంత నష్టంతో తెలుసుకున్నాను. నా మొదటి విమానంలోనూ ఇదే ఇంజను ఉండేది. డబ్బా మీద "టూ స్ట్రోక్" అని ఉంటే చాలనుకుని, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిల్‌ను దాదాపు నలభై గంటలు వాడాను. మొదట ఏ తేడా కనిపించలేదు. తరువాత టేకాఫ్‌లో ఇంజను మునుపటికన్నా రెండు మూడు వందల ఆర్‌పీఎం తక్కువ తిరగడం మొదలుపెట్టింది. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పినప్పుడు తగలవలసిన ఎదురు బిగువు ఒక సిలిండర్ దగ్గర మెత్తబడింది. ఎగ్జాస్ట్ గొట్టం విప్పి, పిస్టన్ రింగు పోర్టులో (సిలిండర్ గోడలోని ఎగ్జాస్ట్ రంధ్రంలో) కనిపించేదాకా ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పి, సన్నని చెక్కపుల్లతో రింగును లోపలికి నొక్కి చూశాను. మంచి రింగు నొక్కితే లోపలికి పోయి, వదిలితే స్ప్రింగులా తిరిగి వస్తుంది. నాది కదలలేదు. గాడిలో గోధుమరంగు లక్కలాంటి పొర గట్టిపడి దాన్ని పట్టేసింది. ఇంకో పది గంటలు అలాగే ఎగిరి ఉంటే పిస్టనే సిలిండర్‌లో పట్టేసేదని, దాన్ని విప్పి చూసిన మెకానిక్ అన్నారు.

కారణం ఆయిల్ నాణ్యత తక్కువ కావడం కాదు. టీసీ-డబ్ల్యూ3 అన్నది నీటితో చల్లబడే పడవ మోటార్ల కోసం ఏర్పడిన ప్రమాణం. ఆ మోటార్లు బయటి చల్లని నీటిని ఎప్పటికప్పుడు లోపలికి తోడుకుంటాయి కాబట్టి వాటి సిలిండర్లు అంతగా వేడెక్కవు; ఆ ఆయిల్‌లో కలిపే శుభ్రపరిచే రసాయనాలు బూడిద మిగల్చని రకానివి, ఆ వేడికి తగినవి. 503లో సిలిండర్ హెడ్ వేడి సాధారణంగానే రెండువందల డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది, గరిష్ఠ పరిమితి 250 డిగ్రీలు. పైగా మోటారుసైకిల్ మీద పూర్తి త్రాటిల్ ఇచ్చేది కొన్ని క్షణాలే. విమానం ఎత్తుకు ఎక్కుతున్నప్పుడు నిమిషాల తరబడి అదే స్థితిలో ఉంటుంది. అంత వేడిలో రింగుల గాడిని శుభ్రంగా ఉంచే పని ఆ ఆయిల్ చేయలేదు. "మరి రోటాక్స్‌దే ఇంకో ఇంజను 582 నీటితోనే చల్లబడుతుంది కదా, దానికి సరిపోతుందేమో" అని కొందరు వాదిస్తారు. రోటాక్స్ దానికి కూడా ఏపీఐ టీసీ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ టూ స్ట్రోక్ ఆయిళ్లకు పెట్టిన ఒక ప్రమాణం) తరగతి ఆయిల్‌నే అడుగుతుంది.

కాబట్టి డబ్బా మీద మీరు మొదట వెతకవలసినది ఏపీఐ టీసీ అన్న గుర్తు. దానితోపాటు జపాను ప్రమాణమైన జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని కూడా ఉంటే ఇంకా మంచిది. ఎఫ్‌సీ అంటే పొగ తక్కువ, ఎఫ్‌డీ అంటే అంత తక్కువ పొగతోపాటు శుభ్రపరిచే గుణం ఇంకా ఎక్కువ. ఏరోషెల్ స్పోర్ట్ ప్లస్ 2 లాంటివి చిన్న విమానాల కోసమే అమ్ముతారు కానీ, ఈ గుర్తులున్న మంచి మోటారుసైకిల్ ఆయిల్ వాడి వందల గంటలు ఎగిరినవారు చాలామంది ఉన్నారు. ఫోర్ స్ట్రోక్ ఇంజను ఆయిల్‌ను మాత్రం అత్యవసరానికి కూడా కలపకండి. అందులోని లోహ రసాయనాలు కాలి బూడిదై ప్లగ్గు మీద, పిస్టన్ తల మీద పేరుకుంటాయి. ఆముదం సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు: మొదటి ప్రపంచయుద్ధం నాటి రోటరీ ఇంజన్లలో, పెట్రోలులో సులువుగా కరగదన్న కారణంతో దాన్నే వాడేవారు. దాని వాసన నాకూ ఇష్టమే, కానీ అది మిగిల్చే జిగురు మీ రింగులకు నచ్చదు.

ఇక సింథటిక్ విషయం. పూర్తి సింథటిక్‌తో పిస్టన్ శుభ్రంగా ఉంటుందన్నది నిజమే, నేను కళ్లారా చూశాను. అయితే టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ నిలువ ఉండే తొట్టి ఉండదు. ఇంజను ఆగిన తరువాత క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు మిగిలేది వాటికి అంటుకున్న పలుచని జిడ్డు మాత్రమే. కొన్ని సింథటిక్ ఆయిళ్లు ఆ జిడ్డును ఎక్కువకాలం నిలపవు, పైగా ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నా మిత్రుడు ఒకరు ఎంతో శ్రద్ధగా పూర్తి సింథటిక్ వాడి, నాలుగు నెలలు విమానాన్ని హ్యాంగరులో ఉంచేశారు. తిరిగి తీసిన రోజు ఇంజను నుంచి సన్నని గరగర వినిపించింది. విప్పితే పిస్టన్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి, బేరింగు గుండ్ల మీద మాత్రం తుప్పు చుక్కలు. వారంవారం ఎగిరేవారికి పూర్తి సింథటిక్ బాగుంటుంది. నాలాగా నెలకు ఒకటి రెండుసార్లు ఎగిరేవారికి సెమీ సింథటిక్ (సింథటిక్‌లో మామూలు ఖనిజ ఆయిల్ కలిసినది) మేలని నా అభిప్రాయం. ఏది వాడినా, నెలకు మించి ఆపవలసి వస్తే, నిలువ ఉంచే ఇంజన్ల కోసం అమ్మే ఆయిల్‌ను ఇంజను తిరుగుతుండగా ఎగ్జాస్ట్ నుంచి తెల్లటి పొగ దట్టంగా వచ్చేదాకా కార్బురేటర్లలోకి కొట్టి, ఆ తరువాత ఆపి, గాలి దారులను, ఎగ్జాస్ట్ చివరను మూసి ఉంచండి.

కలిపే పాళ్లు 50:1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, ఇరవై లీటర్లకు 400. కొలపాత్ర తప్పనిసరి, మూత నింపి అంచనాగా పోసే అలవాటు మోటారుసైకిల్ దగ్గరే వదిలేయండి. "కొంచెం ఎక్కువ పోస్తే ఏం పోతుంది" అనుకోవడం కూడా పొరపాటే. కార్బురేటర్‌లోని జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) గుండా వెళ్లే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగినకొద్దీ పెట్రోలు వాటా తగ్గి, గాలితో కలిసే మిశ్రమం పలుచబడుతుంది, ఇంజను మరింత వేడెక్కుతుంది, మసి కూడా పెరుగుతుంది. 100:1 చాలని చెప్పే ఆయిళ్లు ఉన్నాయి. నేను ఇంజను తయారీదారు పుస్తకం మాటనే వింటాను, ఆయిల్ డబ్బా మాటను కాదు. మీ 503కి విడిగా ఆయిల్ పంపు ఉంటే పెట్రోలులో కలపనక్కరలేదు, కానీ పంపు మీది గుర్తులు త్రాటిల్ తీగతో సరిగా కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

పాత ఆయిల్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. శుభ్రపరిచే గుణం ఎక్కువున్న ఆయిల్, పాతది మిగిల్చిన గట్టి మసిని పెచ్చులుగా ఊడదీస్తుంది. ఆ పెచ్చు రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య చిక్కుకుంటే గీత పడుతుంది. మీ ఇంజను ఇంతకాలం పడవ ఆయిల్ మీద నడిచి ఉండవచ్చు కాబట్టి, ముందు హెడ్లు విప్పి మసి గీకించి, చెక్కపుల్లతో రింగులు పరీక్షించి, అప్పుడే మారండి. రెండు ఆయిళ్లూ ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూడటానికి, చెరి కాస్త గాజుసీసాలో పోసి కలియదిప్పి ఒక రాత్రి ఉంచండి. నేను అలా చేసినప్పుడు ఒకసారి తెల్లవారేసరికి సీసా అడుగున జున్నులాంటి తెరలు కట్టాయి. ఆ రోజు ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు అన్నీ ఖాళీ చేసి కడిగిన తరువాతే కొత్తది పోశాను.

మీ దగ్గరున్న రెండు డబ్బాలూ పారేయవద్దు. పడవ ఉన్నవారికి ఇవ్వండి, వారికి అది సరైన ఆయిలే. ఇచ్చేదాకా మాత్రం వాటిని హ్యాంగరులో మీ పెట్రోలు క్యానుల పక్కన ఉంచకండి.