డైటీషియన్ చదువుకు తోట అమ్మాలా?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, నెలకు 11,500 వస్తాయి. మా ఆయనకు 49 ఏళ్లు, రెండెకరాల కొబ్బరి తోట చూసుకుంటారు. మా అమ్మాయి బీఎస్సీ హోం సైన్స్ చివరి ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీ చేసి రిజిస్టర్డ్ డైటీషియన్ అవుతానంటోంది. ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వస్తే హాస్టల్‌తో కలిపి రెండేళ్లకు 2 లక్షల 40 వేలు అవుతుందని లెక్క వేసుకున్నాం. చెన్నైలో ఒక ప్రైవేటు కాలేజీ అయితే 6 లక్షల 50 వేలు. మా ఆయన అరెకరం అమ్మేద్దామంటున్నారు, 15 లక్షలు పలుకుతుందట. నాకు మనసు ఒప్పడం లేదు. సుకన్య ఖాతాలో 1 లక్షా 90 వేలు, బ్యాంకులో 80 వేల డిపాజిట్, పది కాసుల బంగారం ఉన్నాయి. మా బంధువు ఒకాయన ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలు, డైటీషియన్ అయిపోవచ్చు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తోట అమ్మవద్దు. అప్పు తీసుకోండి, కానీ 2 లక్షలు దాటనివ్వకండి. ఎందుకో చెప్పే ముందు మీ బంధువు గారి మాట తేల్చేద్దాం.

మన దేశంలో ‘రిజిస్టర్డ్ డైటీషియన్’ గుర్తింపు ఇచ్చేది ఇండియన్ డయటెటిక్ అసోసియేషన్. మామూలు దారి ఏమిటంటే, ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ లేదా డయటెటిక్స్‌లో ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఆస్పత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన వాళ్లు పెట్టే పరీక్ష. ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఈ పరీక్షకు కూర్చోనివ్వరు. పైగా 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లనూ చేర్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా బోర్డు పెట్టుకునే రోజులు నెమ్మదిగా పోతాయి. అందుకని ఆ ఆరు నెలల కోర్సుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. అమ్మాయి ఇప్పటికే హోం సైన్స్ చదివింది కాబట్టి సరైన దారిలోనే ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ఉత్తరంలో రెండేళ్ల ఖర్చు ఉంది గానీ మూడో ఏడాది లేదు. నన్ను కలవరపెట్టింది అదే. ఎమ్మెస్సీ అయిపోయాక ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు. అందులో స్టైపెండ్ రాదనే లెక్క వేసుకోండి, వస్తే సంతోషం. కొన్ని ఆస్పత్రులు ఎదురు ఫీజు కూడా తీసుకుంటాయి, ముందే అడగండి. పెద్ద ఆస్పత్రి కావాలి, పైన చూసే డైటీషియన్ ఉండాలి కాబట్టి విశాఖలోనో హైదరాబాద్‌లోనో గది తీసుకుని ఉండాల్సి రావచ్చు. ఆ తర్వాత పరీక్ష, ఫలితం, ఉద్యోగం వెతుక్కోవడం. డిగ్రీ చేతికొచ్చిన రోజు నుంచి మొదటి జీతం దాకా తొమ్మిది, పది నెలలు సులువుగా గడిచిపోతాయి. ఈ తరహా చదువుల్లో ఇళ్లు అప్పులో పడేది ఫీజు దగ్గర కాదు, ఈ ఖాళీ నెలల్లోనే. బ్యాంకు లోను అప్పటికి అయిపోతుంది, చేతిలో ఏమీ ఉండదు, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అంటే ఏడాదికి 24 శాతం.

ఆ మూడో ఏడాదికీ లెక్క రాద్దాం. గదికి, భోజనానికి నెలకు 10 వేల చొప్పున ఆరు నెలలకు 60 వేలు. పరీక్షకు, ప్రయాణాలకు 15 వేలు. ఉద్యోగం దొరికేదాకా మూడు నెలలకు 30 వేలు. మొత్తం 1 లక్షా 5 వేలు. రెండేళ్ల ఖర్చుతో కలిపితే 3 లక్షల 45 వేలు. మీరు అనుకున్న 2 లక్షల 40 వేలు కాదు, అసలు అంకె ఇది.

ఇది ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ముందు సుకన్య సమృద్ధి. పథకం 2015 జనవరిలో మొదలైంది, మీరు ఆ ఏడాదే ఖాతా తెరిచి ఉంటే 2036కు గానీ పూర్తవదు. కానీ అమ్మాయికి 18 నిండాయి కాబట్టి చదువు కోసం, గత ఆర్థిక సంవత్సరం చివరికి ఉన్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. ఒక షరతు ఉంది. కాలేజీ అడ్మిషన్ పత్రంలోనో ఫీజు రసీదులోనో అడిగిన మొత్తం వరకే ఇస్తారు. ఏడాదికి ఒకసారి చొప్పున విడతలుగానూ తీసుకోవచ్చు. మీకు సగం అంటే 95 వేలు. రెండేళ్ల ఫీజు 70 వేల దాకా అవుతుందనుకుంటే ఆ 70 వేలు ఇక్కడి నుంచి తీసేయండి. సుకన్య మీద ఇప్పుడు 8.2 శాతం వడ్డీ వస్తోంది, చదువు లోనుకు సుమారు 10 శాతం పడుతుంది. ఎక్కువ వడ్డీ కట్టి తక్కువ వడ్డీ దాచుకోవడంలో లాభం లేదు. మిగిలింది అలాగే పెరగనివ్వండి.

డిపాజిట్ 80 వేలు ముట్టుకోకండి. అది మూడో ఏడాది డబ్బు. రెండేళ్లకు మళ్లీ వేస్తే 7 శాతం దగ్గర దాదాపు 91 వేలు అవుతుంది. ఇంటర్న్‌షిప్ రోజుల ఖర్చుకు ఇంకా 14 వేలే తగ్గుతుంది, అది ఒక దింపు (కొబ్బరి కోత) డబ్బులో సర్దుకోవచ్చు. కాలేజీలో చేరేటప్పుడు ఏదో అవసరం పడిందని ఈ డిపాజిట్ విరిచేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. వీలైతే అమ్మాయి పేరు మీదకు మార్చేయండి.

మిగిలిన 1 లక్షా 70 వేలు బ్యాంకు లోను. ల్యాప్‌టాప్ కూడా కావాలంటుంది, అవసరమే, కాబట్టి 2 లక్షలకు శాంక్షన్ చేయించుకోండి. 4 లక్షల లోపు చదువు లోనుకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అమ్మాయి పేరు మీద లోను, మీలో ఒకరు కో-అప్లికెంట్, అంతే. తోట కాగితాలు తెమ్మంటే ఇవ్వకండి. కాగితాలు లేకుండా కుదరదంటే మేనేజరు గారిని రాతపూర్వకంగా చెప్పమని అడగండి, లేదా విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి ఇంకో బ్యాంకుకు వెళ్లండి. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో మీ యూనివర్సిటీ ఉందేమో చూడండి. ఉంటే, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు వాళ్లకు చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం రాయితీ దొరకవచ్చు. ఇంకొకటి, పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో ఆ కాలేజీలోనే అడిగి తెలుసుకోండి. వస్తే లోను తగ్గించుకుందాం, వస్తుందని మాత్రం లెక్కలో రాయకండి.

చదువు లోనులో కోర్సు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. ఈ ఒక్క ఏడాదిలోనే ఇంటర్న్‌షిప్, పరీక్ష, ఉద్యోగం మూడూ అయిపోవాలి. అందుకే ఇంటర్న్‌షిప్ సీటు కోసం ఎమ్మెస్సీ రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే తిరగాలి. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకుంటే ఒక్కోసారి ఆరు నెలలు పోతాయి, జీతం రాకముందే ఈఎంఐ వచ్చి కూర్చుంటుంది.

వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది. కట్టకపోతే అసలులో కలుస్తుంది. 2 లక్షల లోనును ఏడాదికి లక్ష చొప్పున తీసుకుంటే, మొదటి ఏడాది నెలకు 830 రూపాయలు, రెండో ఏడాది నుంచి 1,670 దాకా వడ్డీ. ఇది చదువు నడుస్తుండగానే కట్టేయండి. మీకు కొబ్బరి డబ్బు నెలనెలా రాదు, దింపు దింపుకూ వస్తుంది. అంబాజీపేటలో కాయ అమ్మి వచ్చిన రోజే రెండు నెలల వడ్డీ బ్యాంకులో వేసేయండి, తర్వాత మర్చిపోతారు. ధర పడిపోయిన దింపు వచ్చినా మీ 11,500 ఉంది కాబట్టి ఈ మాత్రం మోయగలరు. అప్పుడు జీతం మొదలయ్యేసరికి అప్పు సరిగ్గా 2 లక్షలే ఉంటుంది. అయిదేళ్లలో తీర్చడానికి నెలకు 4,250.

చెన్నై కాలేజీ లెక్క కూడా చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అక్కడైతే లోను 5 లక్షలు కావాలి. అంత వడ్డీ మీరు మధ్యలో కట్టలేరు, కాబట్టి అది కలిసి ఈఎంఐ మొదలయ్యేనాటికి 6 లక్షల 25 వేలు అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 10,375. కొత్తగా చేరిన డైటీషియన్‌కు చేతికి 20 వేలు వస్తాయని నేను లెక్క కోసం అనుకుంటున్నాను. మీరు అమలాపురం, కాకినాడ, రాజమండ్రి ఆస్పత్రుల్లో పనిచేసే ఇద్దరు ముగ్గురు డైటీషియన్లను అడిగి ఈ అంకె సరిచూసుకోండి. 20 వేలలో సగం పైగా బ్యాంకుకు పోతే ఊరుకాని ఊళ్లో ఆడపిల్ల ఎలా బతుకుతుంది? ఆ టెన్షన్‌లో మంచి ఆస్పత్రి వదిలేసి, రెండు వేలు ఎక్కువ ఇస్తున్నారని పౌడర్ డబ్బాలు అమ్మే కంపెనీలో చేరిపోతుంది. అంత చదువు చదివి అక్కడ తేలడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రైవేటు కాలేజీకి ఒక బలం ఉండొచ్చు, కాదనను. సొంత ఆస్పత్రి ఉంటే ఇంటర్న్‌షిప్ అక్కడే ఏర్పాటు చేస్తారు. కానీ దాని విలువ ఎంత? మన లెక్కలో గది, భోజనం కలిపి 60 వేలు, కొంత వెతుకులాట. దానికోసం 4 లక్షలు ఎక్కువ కట్టడం సబబు కాదు. ప్రభుత్వ సీటు రాకపోతే ఏడాది ఆగి పీజీ ప్రవేశ పరీక్ష, అదే పీజీసెట్, మళ్లీ రాయమంటాను. ఆ ఏడాది దగ్గర్లోని ఆస్పత్రిలో డైట్ విభాగంలో ఏ చిన్న పని దొరికినా చేయనివ్వండి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీ, హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ, ఈ మూడు చోట్లా దరఖాస్తు పెట్టించండి. ఏ కోర్సులో చేరినా, ఆ పేరుతో ఉన్న డిగ్రీ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు పనికొస్తుందా అని అసోసియేషన్ నిబంధనల్లో చూసుకున్నాకే ఫీజు కట్టండి. డిగ్రీ పేరులో ఒక్క మాట తేడా ఉన్నా చిక్కు రావచ్చు.

మీ ఆయనకు ఇది చెప్పండి. 3 లక్షల 45 వేల అవసరానికి 15 లక్షల తోట అమ్మితే మిగిలిన పదకొండున్నర లక్షలు ఇంట్లో నిలవవు. పై అంతస్తు మొదలవుతుంది, బంధువులు చేబదులు అడుగుతారు, ఎవరినీ కాదనలేరు. రెండేళ్లు తిరిగేసరికి తోటా ఉండదు, డబ్బూ ఉండదు. తోట మీద వచ్చే రాబడి దాని ధరతో పోలిస్తే తక్కువే, ఆ మాట నిజం. అయినా ఆ అరెకరంలో అరటో కందో అంతరపంటగా వేసుకుంటే చదువు వడ్డీ దాని మీదే వెళ్లిపోతుంది.

బంగారం ఇప్పుడే తాకట్టు పెట్టకండి. గోల్డ్ లోను సాధారణంగా ఏడాదిలో తీర్చేయాలి, రెండేళ్ల చదువుకు అది సరిపోదు. ఇంటర్న్‌షిప్ నెలల్లో నిజంగా ఇబ్బంది వస్తే, రెండు కాసులు పెట్టి జీతం రాగానే విడిపించుకోవచ్చు. డ్వాక్రా లోను కూడా వద్దు, దాని వాయిదాలు వచ్చే నెల నుంచే మొదలవుతాయి, చదువు అక్కరకు రావడానికి మూడేళ్లు పడుతుంది.

అమ్మాయి ఎంచుకున్న పని గురించి ఒక మాట. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని తేల్చింది. మన డెల్టాలో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. అలాంటి ఇంటికి ఓట్స్, క్వినోవా రాసిన చార్టు ఇచ్చి పంపితే అది గోడకు వేలాడుతుంది, అంతే. పాలిష్ బియ్యం ఎంత తగ్గించాలి, పప్పు ఎంత పెంచాలి, కొబ్బరి పచ్చడి ఎన్నిసార్లు, డయాలసిస్ పేషెంటుకు కొబ్బరి నీళ్లు ఎందుకు వద్దు, ఇవన్నీ మన భాషలో, మన వంటింటి కొలతల్లో చెప్పే మనిషి కావాలి. అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచి గుడ్లు, పాలు పంచే తల్లి దగ్గర పెరిగిన అమ్మాయికి అది పుస్తకం చెప్పకముందే సగం తెలుసు. ఆమె పరీక్ష పాసై రెండు మూడేళ్లు పెద్ద ఆస్పత్రిలో చేసి మన ప్రాంతానికే తిరిగి వస్తే నాకు చాలా సంతోషం.

చివరగా, ఇవాళే చేయాల్సిన చిన్న పని. మీ ఆయనకు 49 ఏళ్లన్నారు. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరే వయసు 50 దాకానే. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా, అంటే సరిగ్గా మీ లోనంత. 20 రూపాయల సురక్షా బీమా, అంటే ప్రమాద బీమా కూడా కలిపి తీసుకోండి. ఖాతా ఉన్న బ్యాంకులోనే ఫారం ఇస్తారు. లోను శాంక్షన్ లెటర్ వచ్చాక వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు, దానితో అంటగట్టిన ఇన్సూరెన్స్ ఏమైనా ఉంటే అవి కూడా నాకు రాయండి, సంతకం పెట్టకముందే చూద్దాం.