జీపుకు బెదరని దుప్పి మనిషికి ఎందుకు బెదురుతుంది?

ప్రశ్న: అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ జీపు దగ్గరగా వెళ్లినా దుప్పులు మేత మానలేదు. ఒకరు ఫొటో కోసం కిందికి దిగబోయేసరికి మంద మొత్తం పొదల్లోకి దూసుకుపోయింది. తిరుమల నడకదారి పక్కన కంచెలోని జింకలేమో తిండి చూసి చేతి దగ్గరికే వస్తాయి. ఎందుకీ తేడా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఒక చోట మనుషులు జింకలతో ఎలా మసలుకుంటూ వచ్చారన్నదాన్ని బట్టే అక్కడ వాటి బెదురు ఉంటుంది. సఫారీ జీపు రోజూ అదే దారిన వచ్చి, ఏ హానీ చేయకుండా వెళ్లిపోతుంది కనుక దుప్పులు దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. అందులోంచి మనిషి నేలమీదికి దిగితే మాత్రం, వేటగాళ్లూ కుక్కలూ తరతరాలుగా నేర్పిన భయం మేల్కొంటుంది. పరుగుకు ముందే ఆ సంగతి తెలుస్తుంది: మేస్తున్న దుప్పి తలెత్తి, చెవులు మీవైపు నిక్కించి, ముందుకాలితో నేలను తడుతుంది, తోక పైకి లేచి, దాని అడుగున ఉన్న తెలుపు కనబడి, కీచుమని కూత వేసిందంటే ఇక మంద నిలవదు. కాలు తట్టినప్పుడే మీరు కదలకుండా ఆగిపోతే చాలాసార్లు అది మళ్లీ మేతలో పడుతుంది.

పారిపోనంత మాత్రాన దానికి ఇబ్బంది లేదనుకోకూడదు. తలెత్తి కాపు కాసినంతసేపూ మేత సాగదు. మనుషుల అలికిడి ఎక్కువైన చోట జంతువులు తమ తిరుగుడును రాత్రివేళకు మార్చుకుంటాయని, 62 క్షీరద జాతులపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. చిరుతలు తిరిగే అడవిలో రాత్రి మేత దుప్పికి ఏమంత క్షేమం కాదు. విచిత్రమేమిటంటే, చీకటిపడ్డాక అటవీ అతిథిగృహాల ఆవరణలో దుప్పులు చేరడమూ మామూలే; పులి అక్కడికి రావడానికి జంకుతుంది మరి.

తిరుమల కంచెలోని జింకలు చేతి తిండికి మరిగినవి. వాటిని చూసి అడవి జింక స్వభావాన్ని అంచనా వేయలేం. ఆ అలవాటు కంచె బయటి వాటికి అంటితేనే అసలు చిక్కు. నెమరువేసే జంతువు కడుపులోని సూక్ష్మజీవులు ఆకుకూ గడ్డికీ అలవాటుపడినవి. అన్నం, బిస్కెట్లు ఒక్కసారిగా ఎక్కువ పడితే లోపల ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. తిండితోపాటు కవరునూ మింగితే అది కడుపులోనే ఉండిపోతుంది. జపాన్‌లోని నారాలో 2019లో చనిపోయిన కొన్ని జింకల కడుపుల్లోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ బయటపడింది. పైగా తిండికోసం దారి అంచున కాచుకునే జింక వెనకే చిరుతా వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక బాలికను పొట్టన పెట్టుకున్న తర్వాత, దారిలో జంతువులకు తిండి పెట్టవద్దని టీటీడీ భక్తులను హెచ్చరించింది కూడా.