వెనక పిస్టన్ లోపలికి పోనని మొండికేస్తే: మీ కారు ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: సార్, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఇదివరకు ఇంటి దగ్గరే మార్చుకున్నా, ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ధైర్యంతోనే ఈసారి వెనకవి కూడా విప్పా. ముందువాటికి చేసినట్టే సీ క్లాంపు అనే మరబిగింపు పెట్టి, ప్యాడ్లని చక్రంతో తిరిగే డిస్కుకి నొక్కే క్యాలిపర్‌లోని పిస్టన్‌ని వెనక్కి నొక్కుతుంటే అది కదలనే కదలదు, ఎంత బిగించినా అంతే. పాత ప్యాడ్లలో లోపలి వైపుది ఇనుము దాకా అరిగిపోయింది, బయటిది మాత్రం సగం ఉంది. డిస్కు మీద గీతలు పడ్డాయి, అంచు చుట్టూ గట్టు లేచింది. క్యాలిపర్ జామ్ అయిందా, మొత్తం మార్చాలా, డిస్కులు కూడా పోయినట్టేనా? బండి ఇంకా స్టాండ్ల మీదే ఉంది.

జవాబు: ముందు ఆ క్లాంపు తీసి పక్కన పెట్టేయండి, ఇంకొక్క చుట్టు కూడా బిగించొద్దు. జామ్ అయిందని ఇప్పుడే తేల్చేయకండి, చాలామటుకు అది నొక్కితే పోయే రకం కాదు, తిప్పితే పోయే రకం. దాదాపు అన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అందుకే చాలా బళ్ళలో వెనక పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది. మీరు హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ వచ్చి క్యాలిపర్ మీదున్న చిన్న లివర్‌ని లాగుతుంది, ఆ లివర్ మరని తిప్పుతుంది, మర పిస్టన్‌ని ముందుకు తోస్తుంది. ప్యాడ్ అరిగేకొద్దీ ఆ మరే దానంతటది కొంచెం కొంచెం పొడవు పెరుగుతూ పోతుంది. అలాంటిదాన్ని నేరుగా నొక్కితే బలమంతా ఆ మర మీద పడుతుంది, ఇంకా గట్టిగా నొక్కితే మరతో సర్దుకునే ఆ లోపలి అడ్జస్టర్ విరిగి అప్పుడు నిజంగానే క్యాలిపర్ కొనాల్సొస్తుంది.

పిస్టన్ ముఖం తుడిచి చూడండి, ప్లస్ గుర్తులా గాడి గానీ, ఎదురెదురుగా రెండో నాలుగో గుంటలు గానీ ఉంటే అది తిప్పేదే. దానికి వైండ్ బ్యాక్ టూల్ అని దొరుకుతుంది, ఒకపక్క నొక్కుతూ ఇంకోపక్క తిప్పుతుంది. మామూలుగా గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి, కానీ కొన్ని కార్లలో ఒక పక్క చక్రానికి మాత్రం రివర్స్ ఉంటుంది, తిప్పుతుంటే పిస్టన్ బయటికొస్తోంది అనిపిస్తే వెంటనే ఆపి రెండోవైపు తిప్పండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి ఉండాలి, లేకపోతే అది లోపలికి పోదు. దించేశాం కాబట్టి బండి దొర్లకుండా ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టడం మర్చిపోకండి, గేర్‌లో వేశాం కదా చాల్లే అనుకోవద్దు. పూర్తిగా లోపలికి పోయాక పిస్టన్ గాడి ఏ దిక్కుకి నిలిచిందో చూసుకోండి. కొత్త ప్యాడ్ వీపు మీద చిన్న మొన ఉంటే అది ఆ గాడిలో కూర్చోవాలి, కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా నిలబడి ఒక మూలే అరుగుతుంది, హ్యాండ్ బ్రేక్ కూడా సరిగ్గా అడ్జస్ట్ అవదు.

పిస్టన్ వెనక్కి పోతుంటే బ్రేక్ ఆయిల్ బానెట్ కింద డబ్బాలోకి తిరిగొస్తుంది, అది పొంగి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. మధ్యమధ్యలో చూస్తూ ఉండండి, నిండుతుంటే సిరంజితో కొంచెం లాగేయండి.

ఇక లోపలి ప్యాడ్ ఒక్కటే ఎందుకు అరిగింది అన్నది అసలు విషయం, ఇది చూడకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి. మీ క్యాలిపర్‌లో పిస్టన్ ఒక పక్కే ఉంది. అది లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కినప్పుడు క్యాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొచ్చి నొక్కాలి. ఆ పిన్నులు ఎండిపోయి పట్టేస్తే పనంతా లోపలి ప్యాడే చేస్తుంది. రబ్బరు బూటు జాగ్రత్తగా తప్పించి పిన్నుని చేత్తో లాగండి, నున్నగా జారుతూ రావాలి. తుప్పో గట్టిపడిన గ్రీజో కనిపిస్తే శుభ్రంగా తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, మామూలు బేరింగ్ గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బి పిన్నుని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. తర్వాత ప్యాడ్ చెవులు కూర్చునే చోట క్లిప్పులు తీసి కింద తుప్పు గీకండి, కొత్త ప్యాడ్ అందులో వేలితో తోస్తే జరగాలి, సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తుందంటే తుప్పు ఇంకా ఉందన్నమాటే. ఇంకొకటి, హ్యాండ్ బ్రేక్ దించాక క్యాలిపర్ మీది లివర్ పూర్తిగా వెనక్కొచ్చి దాని ఆపుకి తగులుతోందా చూడండి, కేబుల్ లోపల తుప్పు పట్టి సగంలో ఆగిపోతే బ్రేక్ ఎప్పుడూ కొంచెం పట్టుకునే ఉంటుంది.

డిస్కుల సంగతికొస్తే, డిస్కు అంచు మీదో మధ్య టోపీ మీదో మిన్ టీహెచ్ (అంటే కనీస మందం) అని ఒక అంకె అచ్చు పోసి ఉంటుంది, అంతకంటే పలచబడితే మార్చాల్సిందే. కొలిచేటప్పుడు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు, మందం కొలిచే వెర్నియర్ దవడలు అంచు మీద లేచిన గట్టుకి తగిలి డిస్కు ఉన్నదానికంటే మందంగా ఉన్నట్టు చూపిస్తాయి. రెండు వైపులా ఒకే మందమున్న చిన్న వాషర్లు అరిగిన చోట ఆనించి, వాటితో కలిపి కొలిచి, వాషర్ల మందం తీసేయండి. మీ విషయంలో ఇనుము ఇనుముకి రాసుకుంది, గీతలు లోతుగా ఉండి ఉంటాయి, నాకైతే రెండు డిస్కులూ మార్చడమే మంచిదనిపిస్తోంది, వెనక డిస్కులు అసలే పలచనివి కాబట్టి లేత్ మీద పెట్టి చెక్కించడానికి మిగిలేది కూడా తక్కువే.

డిస్కు తీయాలంటే క్యాలిపర్ బ్రాకెట్‌ని పట్టుకున్న వెనకాల రెండు పెద్ద బోల్టులు విప్పాలి, గట్టిగానే ఉంటాయి, పొడుగు హ్యాండిల్ కావాలి. క్యాలిపర్‌ని ట్యూబు మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకి కట్టేయండి. డిస్కుని పట్టి ఉంచే చిన్న స్క్రూ తుప్పు పట్టి ఉంటే మామూలు స్క్రూడ్రైవర్‌తో తలని పాడు చేసుకోకుండా సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. చాలా డిస్కుల్లో మర పోసిన రెండు ఖాళీ రంధ్రాలుంటాయి, ఎక్కువగా 8 ఎం.ఎం. బోల్టు పడుతుంది, రెండిట్లోనూ బోల్టులు వేసి ఒకసారి ఈ బోల్టుని ఒకసారి ఆ బోల్టుని కొంచెం కొంచెం బిగిస్తూ పోతే డిస్కు దానంతటదే ఊడి వస్తుంది.

కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా బాగా కడగండి. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పండి, ఏ క్లిప్పు ఎటుందో డౌట్ వస్తే చూసుకోడానికి ఒక పక్క అలాగే ఉంటుంది. బ్రేకుల దగ్గర చేరిన నల్ల దుమ్ముని నోటితోనో గాలి పైపుతోనో ఊదకండి, తడిపి తుడవండి.

ప్రశ్న: మా నాన్నా నేనూ కలిసి వెనక డిస్కులు, ప్యాడ్లు కొత్తవి వేశాం. మొదట చాలా బాగుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక ఇప్పుడు బ్రేక్ తొక్కితే పెడల్ కాలి కింద కొట్టుకుంటోంది. వేడికి డిస్కు వంగిపోయింది, నాసిరకం సరుకు అంటున్నారు. నిజమేనా అండీ?

జవాబు: డిస్కు వంగడం అనే మాట అందరూ అంటారు కానీ నిజంగా వంగేది చాలా తక్కువ. పాత డిస్కు తీశాక, డిస్కు కూర్చునే మధ్య భాగం, అంటే హబ్ ముఖాన్ని తీగ బ్రష్‌తో మెరిసేదాకా గీకారా? గీకకపోతే దోషం అక్కడే ఉండొచ్చు. హబ్ మీద తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలినా కొత్త డిస్కు దాని మీద కూర్చుని ఒక వైపుకి వాలుతుంది. మధ్యలో ఆ వాలు కంటికి కనిపించదు, కానీ అంచు దగ్గరికొచ్చేసరికి పెరుగుతుంది. ఇక మీరు బ్రేక్ తొక్కకపోయినా ప్రతి చుట్టులో ఆ ఎత్తుగా ఉన్న చోటు ప్యాడ్‌కి లీలగా రాసుకుంటూ పోతుంది, అలా రాసుకుని రాసుకుని అక్కడొక్కచోటే పలచబడుతుంది. అందుకే మొదటి రోజు ఏమీ తెలీదు, వేల కిలోమీటర్ల తర్వాతే బయటపడుతుంది. మందంలో మిల్లీమీటరుకి నూరో వంతులు రెండో మూడో తేడా వచ్చినా పాదానికి తెలిసిపోతుంది. వీల్ నట్లు ఒకటి అతిగా ఒకటి వదులుగా బిగించినా ఇదే గొడవ, వరసగా కాకుండా ఎదురెదురుగా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో రాసినంతే బిగించాలి.

ముందువో వెనకవో కూడా తేల్చుకోండి. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందువి, స్టీరింగ్ కుదురుగా ఉండి సీటు, పెడల్ కొట్టుకుంటే వెనకవి. ఇప్పుడు హబ్ ఒక్కటే శుభ్రం చేస్తే సరిపోదు, ఎందుకంటే డిస్కు మందంలో తేడా అప్పటికే వచ్చేసింది. హబ్ గీకి, సన్నటి కదలికని కొలిచే డయల్ గేజ్ పెట్టి డిస్కు తిరుగుతుంటే ఎంత ఊగుతోందో చూసి, మందం మిగిలి ఉంటే సన్నగా చెక్కించండి, లేదంటే మళ్ళీ కొత్తవే.

ప్రశ్న: నా కారుకి హ్యాండ్ బ్రేక్ లివర్ లేదు, బటన్ నొక్కడమే. నేనూ ఇంట్లోనే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, కానీ క్యాలిపర్ వెనక మోటార్ ఉంటుంది, దాన్ని ముందు సర్వీస్ మోడ్‌లోకి పంపాలి, అప్పుడే మోటార్ లోపలి మరని వెనక్కి లాక్కుంటుంది. ఆ తర్వాత పిస్టన్ మామూలుగా నొక్కితే పోతుంది. కొన్ని బళ్ళలో పెడల్, స్విచ్ ఒక పద్ధతిలో నొక్కితే ఆ మోడ్ వస్తుంది, చాలావాటికి కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి. మోటార్‌కి బ్యాటరీ వైర్లు నేరుగా తగిలించి తిప్పే చిట్కాలు తిరుగుతున్నాయి, వాటి జోలికి వెళ్ళొద్దు, ఎక్కడ ఆపాలో తెలియక గేర్లు పోతాయి. క్యాలిపర్ విప్పి ఉన్నంతసేపు తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి, ఇంట్లో ఎవరో వచ్చి ఆ బటన్ నొక్కారంటే పిస్టన్ బయటికొచ్చేస్తుంది, వేళ్ళు అక్కడ ఉంటే ఇంకా ప్రమాదం.

ప్రశ్న: ఎడమ వైపు ప్యాడ్లే అరిగాయి, అటొక్కటే మార్చితే ఏమవుతుంది?

జవాబు: అలా వద్దండి, ప్యాడ్లయినా డిస్కులైనా రెండు వైపులా ఒకేసారి. పట్టు తేడా వచ్చి బండి ఒక పక్కకి లాగొచ్చు. ఒక వైపే ఎందుకు అరిగిందో పైన చెప్పిన పిన్నులు, కేబుల్ దగ్గర వెతకండి.

ప్రశ్న: అన్నీ బిగించాక బ్రేక్ తొక్కితే పెడల్ నేల దాకా పోయింది, గుండె ఆగినంత పనైంది. లోపల గాలి చేరిందా?

జవాబు: ట్యూబు విప్పకపోతే, క్యాలిపర్ మీద గాలి తీసే బ్లీడ్ స్క్రూ ముట్టుకోకపోతే గాలి చేరే అవకాశం తక్కువ. పిస్టన్ బాగా వెనక్కి పోయి ఉంది కాబట్టి ప్యాడ్ల దాకా రావడానికి కొన్నిసార్లు తొక్కాలి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే నెమ్మదిగా తొక్కుతూ పోండి, పెడల్ గట్టిపడుతుంది. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజిలా మెత్తగానే ఉంటే మాత్రం బండి కదపొద్దు. గట్టిపడ్డాక హ్యాండ్ బ్రేక్ కొన్నిసార్లు లాగి వదలండి, లోపలి మర సర్దుకుని లివర్ మునుపటి ఎత్తులోనే ఆగుతుంది. ఆయిల్ లెవెల్ మళ్ళీ చూడండి.

తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకి సర్దుకోడానికి ఖాళీ రోడ్డు చూసుకుని 50 కిలోమీటర్ల స్పీడు నుంచి 10 దాకా, పూర్తిగా ఆగకుండా, ఒక మోస్తరుగా బ్రేక్ వేస్తూ ఓ ఎనిమిది పది సార్లు చేయండి. మధ్యలో కొంచెం దూరం పోనిస్తే చల్లారుతుంది. వేడి మీద ఉన్నప్పుడు పెడల్ తొక్కి పట్టుకుని ఆగితే ప్యాడ్ మసాలా ఆ ఒక్కచోటే డిస్కుకి అంటుకుంటుంది. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఇంకోసారి టార్క్ రెంచ్‌తో చూడండి.