ఇంక చాల్లెమ్మంటున్నారు… నాకేమో అంగడి కావాలనిపిస్తోంది!

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. తిరుపతి రైల్వే స్టేషన్‌కి కాస్త దూరంలో, ఒక సందులో నేనూ మా ఆయనా 24 ఏళ్లు టిఫిన్ అంగడి నడిపాం. చిత్తూరు దగ్గరున్న మా మామగారి పొలం బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ రోడ్డులో పోయి పరిహారం వచ్చింది. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం, కూతురికి పెళ్లయిపోయింది, అప్పుల్లేవు. ‘ఇంక చాల్లేమే, కూర్చోని తిన్నా తరగదు’ అని మా ఆయన ఆరు నెలల కిందట అంగడి మూసేశారు. ఆయన హాయిగా ఉన్నారు. నాకే ఏదో అయిపోయింది. తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది. లేచి ఏం చేయాలో తెలీదు. ఇద్దరికి పిండి ఎంతని? మిక్సీలో ఒక తిప్పు తిప్పితే అయిపోతుంది. మొదటి వాయి ఇడ్లీ దించి మూత తీసినప్పుడు ఆవిరి మొహానికి తగిలితేనే నాకు తెల్లారినట్టుండేది. పూలమ్మే ముసలమ్మ బోణీ చేసేది. ఆమె ఇప్పుడు ఎక్కడ తింటోందో! మళ్లీ తెరుద్దామంటే కొడుకు ‘మా ఫ్రెండ్స్‌కి ఏమని చెప్పుకోవాలమ్మా’ అంటాడు. ఆడపడుచు ‘డబ్బు పిచ్చి’ అనేసింది. గిన్నెలు తోమిన అమ్మాయి మాత్రం వారానికోసారి ఫోన్ చేసి ‘ఎప్పుడు తెరుస్తారక్కా’ అని అడుగుతోంది. గ్రైండర్ మీద పాత చీర కప్పిపెట్టాను. చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది. నాది అత్యాశేనా?
– ఒక తల్లి, తిరుపతి

సలహా: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి గల్లాపెట్టె కోసం వెతికాను. ఎక్కడా కనబడలేదు. రోజుకి ఎంత వచ్చేది, ఖర్చులు పోను ఎంత మిగిలేది అన్న ముక్కే మీరు రాయలేదు. ఆవిరి గురించి రాశారు, బోణీ చేసే ముసలమ్మ గురించి రాశారు. డబ్బు మీద ఆశ ఉన్నవాళ్లు అంగడిని ఇలా తలుచుకోరు. ఆ మాట మనసులోంచి తీసేయండి. మీ ఆడపడుచు కూడా కోపంతో అనుండకపోవచ్చు. పని అంటే సంపాదన కోసం పడే తిప్పలని మనందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. సంపాదన అక్కర్లేనప్పుడు కూడా పని కావాలనేవాళ్లు కనబడితే ఏం చెప్పాలో తెలియక ఏదో ఒక మాట అనేస్తారు.

అసలు తిరుపతిలో ఉండేవాళ్లకి ఈ సందేహం రాకూడదు. కొండమీద శ్రీవారి సేవ 2000లో మొదలైంది. సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని, ఉద్యోగానికి సెలవు పెట్టి, గుంపులు గుంపులుగా వస్తారు. జీతం లేదు. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూరగాయలు తరుగుతారు, వడ్డిస్తారు, క్యూలో పిల్లాపాపలతో నిలబడ్డవాళ్లకి దారి చూపిస్తారు. మీరూ చూసే ఉంటారు. బ్యాంకు మేనేజరుగారి భార్య, పొలం పని చేసుకునే ఆమె ఒకే గుమ్మడికాయకి అటూ ఇటూ కూర్చుని ముక్కలు కోస్తుంటారు. ‘అది దేవుడి కోసం’ అంటారేమో. అవును, భక్తే. కానీ సేవ ముగించుకుని దిగివచ్చినవాళ్లని కదిలించండి. దర్శనం గురించి ఎంత చెబుతారో, ‘ఎంతమందికి వడ్డించామో తెలుసా’ అన్న మాట కూడా అంతే చెబుతారు.

1955లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఉద్యోగాల్లో ఉన్న 401 మందిని సరిగ్గా మీ ప్రశ్నే అడిగారు. పని చేయకుండానే హాయిగా బతకడానికి సరిపోయేంత ఆస్తి మీకు కలిసొస్తే, పని మానేస్తారా అని. నూటికి ఎనభై మంది మానం అన్నారు. అయితే ఆ 401 మందీ మగవాళ్లే. ఆడవాళ్లని అడగనే లేదు. ఇంట్లో వండి, తోమి, ఉతికి, పిల్లల్ని పెంచినవాళ్లకి డబ్బుకీ పనికీ ఎప్పుడు లంకె ఉంది గనక? ఆ పనికి ఎప్పుడూ కూలి లేదు, అయినా ఆగలేదు. మీ విషయంలో తేడా ఒక్కటే. ఆ 24 ఏళ్లలో ఇంటి పనితో పాటు ‘నాది’ అని చెప్పుకోదగ్గ పని, నలుగురు మెచ్చుకునే పని ఇంకొకటి మీకు ఉండింది. ఇప్పుడు మూతపడింది అదే. ఇంట్లో పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది, కానీ దానికి ఎవరూ బోణీ చేయరు.

ఇంకో ఊరి సంగతి కూడా చెప్పాలి. ఆస్ట్రియాలో మారియెంతాల్ అని చిన్న ఊరు. ఊరికంతటికీ ఆధారమైన బట్టల మిల్లు 1930 ప్రాంతంలో మూతపడింది. పరిశోధకులు వెళ్లి అక్కడివాళ్ల రోజులు ఎలా గడుస్తున్నాయో గమనించారు. మగవాళ్ల నడక నెమ్మదించింది. వీధిలో మాటిమాటికీ ఆగి ఊరికే నిలబడేవాళ్లు. తీరిక పెరిగింది కదా, పుస్తకాలు ఎక్కువ చదివి ఉంటారనుకుంటాం. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. ఆడవాళ్లకి మాత్రం ఇంటి పని ఉండబట్టి రోజు రోజులాగే గడిచింది. వాళ్లది చేతిలో పైసా లేని కష్టం, మీది కాదు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టను. కానీ ఒక పోలిక ఉంది. రోజుకి ఒక ఆకారం ఇచ్చేది పని. ఎప్పుడు లేవాలి, ఎవరి మొహం చూడాలి, ఏది పూర్తయితే ‘హమ్మయ్య’ అనుకోవాలి అన్నవి పనితోనే వస్తాయి. డబ్బు పోయినా, డబ్బు వచ్చినా, పని ఆగిపోతే ఆ ఆకారం చెదిరిపోతుంది. మూడున్నరకి మీకు మెలకువ వస్తోందంటే మీ ఒళ్లు ఇంకా అంగడి వేళల్లోనే ఉంది.

ఇక మీవారి సంగతి. ఆయన తప్పు చేశారని నేను అనను. 24 ఏళ్లు పెనం ముందు నిలబడ్డ మనిషి. మే నెలలో, గంగజాతర ఎండల్లో, ఆ సందులో దోసె పెనం వేడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? మోకాళ్లు, మణికట్టు, చేతుల మీద నూనె చుక్కల మచ్చలు. ‘కూర్చోని తిన్నా తరగదు’ అన్నప్పుడు ఆయన నోట వచ్చింది బద్ధకం కాదు, అలసట. డబ్బు అక్కర్లేదంటే పని మానేసేవాళ్లు కూడా లోకంలో బోలెడంత మంది ఉంటారు. వాళ్లని సోమరులనడానికి నాకు నోరు రాదు. పని ఒళ్లు విరిచేస్తుంటే, చేసినందుకు మంచిమాట కూడా రాకుంటే, ఎవరు మాత్రం ఎందుకు చేయాలి? ఆయనకి పెనం కనబడింది, మీకు ఆవిరి కనబడింది. ఒకే అంగడి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కల్లా ఒకరి తీర్పు ఇద్దరికీ వర్తించడం దగ్గరే వచ్చింది.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి, బాధపడకండి. ఇన్నేళ్లూ మీరిద్దరూ మాట్లాడుకున్నది ఎక్కువగా ‘పిండి చాలదేమో’, ‘ఆరో టేబులుకి రెండు వడ’ ఇలాంటివే కదా? ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచక, ఆ మౌనం నుంచి పారిపోవడానికి కూడా అంగడి గుర్తొస్తోందా? కాస్త అదీ ఉండొచ్చు. ఉంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ దానికి మందు అంగడి కాదు. సాయంత్రం ఇద్దరూ కలిసి కపిలతీర్థం దాకా నడవండి. వారం రోజులు నడిస్తే మాటలు అవే వస్తాయి.

ఆయనతో ‘అంగడి తెరుద్దామా’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ‘వద్దు’. ‘అంగడిలో నీకు ఏది పడేది కాదు?’ అని అడగండి. పెనం అంటారో, వేకువ లేవడం అంటారో, అప్పు పెట్టేవాళ్లతో గొడవ అంటారో విని ఊరుకోండి, వెంటనే సర్దిచెప్పొద్దు. తర్వాత మీకు ఏది కావాలో చెప్పండి, నాకు రాసినట్టే. ఆ ఆవిరి మాట ఆయనకి ఇంతవరకు చెప్పి ఉండరు. నా పందెం.

అప్పుడు మీ దారి తేలిగ్గా కనబడుతుంది. పాత అంగడిని పాతలాగే తెరవాలని ఎక్కడుంది? దోసె పెనం వద్దు. వారానికి మూడు రోజులు, పొద్దున ఏడు నుంచి పది దాకా చాలు. ఇడ్లీ, గుంతపొంగణాలు, చెనిక్కాయల చట్నీ, అంతే. పిండి అయిపోతే మూసేయడమే. లాభం రాకపోయినా నష్టం రాకుండా చూసుకోవడం మీకు 24 ఏళ్ల విద్య. పరిహారం డబ్బు ముట్టుకోవద్దు. అది మీ ఇద్దరి పేరా బ్యాంకులోనే ఉండనివ్వండి. కొత్త హంగులు, బోర్డులు, అడ్వాన్సులు ఏవీ వద్దు. రెండు నెలలు నడిపి చూడండి. రెండు నెలల తర్వాత మీకే విసుగొచ్చి, ‘చాలు, నాకు కావాల్సింది ఇది కాదు’ అనిపించొచ్చు. అలా అనిపించినా అది ఓటమి కాదు. మూసేసి ఇంట్లో కూర్చుంటే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

గిన్నెలు తోమిన అమ్మాయి గురించి ఆఖర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు మాత్రం ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే. డబ్బు సంగతి ఆలోచించక్కర్లేని స్థితి మీకు వచ్చింది, ఆమెకు రాలేదు. మీకు అంగడి మూతపడితే వేకువ ఖాళీ అయింది, ఆమెకి నెల ఖాళీ అయింది. ఈసారి తెరిస్తే ఆమెని తోముడు దగ్గరే ఉంచకండి. పక్కన నిలబెట్టుకుని పప్పు పాళ్లు, పిండి పులిసే వేళ, చలికాలంలో ఏం మార్చాలో, అన్నీ నేర్పండి. పని ఆమె చేతికి వచ్చాక మిగతా రోజులు తనే నడుపుకోగలిగితే నడుపుకోనివ్వండి. అంగడి మీదే, రోజులు ఆమెవి. ఆ అమ్మాయి కోసం మీరు ఒళ్లు హూనం చేసుకోవాలని నా ఉద్దేశం కాదు. మీకు పని కావాలి, ఆమెకి కూలి కావాలి, ఒకే పొయ్యి మీద రెండూ ఉడుకుతాయి.

మీ అబ్బాయి పరువు మాట. వాడి బీటెక్ ఫీజు ఏ చేతులు కట్టాయో వాడికి తెలియక కాదు. ‘నేను సంపాదిస్తున్నా మా అమ్మ పొయ్యి దగ్గరుంటే నేను సరిగ్గా చూసుకోవట్లేదని నలుగురూ అనుకుంటారు’ అన్నది వాడి భయం. చాలామంది కొడుకులకి ఈ భయం ఉంటుంది. ఫోన్లో వాదించకండి. ఈసారి సెలవుకి వచ్చినప్పుడు పొద్దున్నే వెంట తీసుకెళ్లి, ఆ పూలమ్మే ముసలమ్మకి మొదటి ప్లేటు వాడి చేత ఇప్పించండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. రోజూ ఏడుపు, వేకువ మెలకువ, ఆకలి మందగించడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు మించి ఉంటే అదంతా అంగడి మీద బెంగే అనుకుని వదిలేయకూడదు. మీ వయసులో నెలసరి ఆగే రోజుల మార్పులు ఉంటాయి, థైరాయిడ్ ఉండొచ్చు, డిప్రెషన్ కూడా ఉండొచ్చు. ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని డాక్టరుకి చూపించుకోండి. డాక్టరు దగ్గరకి వెళ్లడానికి సంకోచంగా ఉంటే మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. మందు అవసరమని డాక్టరు చెబితే వేసుకోండి. మందు వేసుకుంటూ కూడా ఇడ్లీ వేయొచ్చు.

గ్రైండర్ మీద కప్పిన చీర ఇవాళే తీసేయండి. రాళ్లు వేణ్నీళ్లతో కడిగి, కాసిని బియ్యం నానబెట్టి ఒక వాయి తిప్పి పారబోయండి. ఆరు నెలలు కదలకపోతే బెల్టు ఎండిపోయి ఉంటుంది, చూసుకోండి. మీవారు ఆ చప్పుడు విని లేచొస్తే, ఏం చేస్తున్నారో ఆయనకి అక్కడే చెప్పండి.