లాక్‌డౌన్‌లో మేం మెచ్చుకున్నవే మా పిల్లల ఇబ్బందికి గుర్తులు

"లాక్‌డౌన్ మీ పిల్లల మనసు మీద ఎలాంటి ప్రభావం చూపింది? మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది?" అని అడిగారు. ఎప్పుడు తెలిసిందో ముందు చెప్పేస్తాను: చాలా ఆలస్యంగా. రోజంతా ఒకే ఇంట్లో కళ్లెదుట తిరుగుతున్న పిల్లలే. అయినా బాబు విషయం తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, పాప విషయానికి ఏడు.

2020 మార్చిలో బడులు మూసేసేటప్పటికి పాపకి 13 ఏళ్లు, బాబుకి 7. ఇద్దరూ పేచీ పెట్టలేదు, మారాం చేయలేదు. తెలిసినవాళ్లందరూ ఫోన్లో పిల్లల అల్లరి గురించి వాపోతుంటే, "మావాళ్లు భలే సర్దుకుపోయారండీ" అని నేను కాస్త గొప్పగానే చెప్పుకునేదాన్ని.

ముందు బాబు సంగతి. ఆ రోజుల్లో చేతులు కడుక్కోమని పిల్లల వెంటపడని ఇల్లు లేదు కదా. మావాడి వెంట పడే పనే ఉండేది కాదు. వాడంతట వాడే వెళ్లి, ఇరవై దాకా పైకి లెక్కపెట్టుకుంటూ కడిగి, వచ్చి రెండు చేతులూ చూపించేవాడు. "మా బంగారమే" అనేవాళ్లం. కొన్నాళ్లకి, లెక్క మధ్యలో తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం చూశాను. చాదస్తం అనుకుని నవ్వాను. జూన్‌కల్లా వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి సన్నగా ఎర్రటి గీతలు పడ్డాయి. రాత్రి క్రీమ్ రాసి పడుకోబెడితే, క్రీమ్ అంటుకుంది కాబట్టి చేతులు మురికయ్యాయని లేచి వెళ్లి కడిగేసేవాడు. అప్పటికీ నాకు వెలగలేదు. సబ్బు పడట్లేదేమో అనుకుని సబ్బు మార్చాను!

జూలైలో ఒక రాత్రి ఏడుస్తూ వచ్చి, "అమ్మా, తాతయ్యకి దగ్గొస్తోంది, నేను పొద్దున చేతులు కడుక్కోకుండా రిమోట్ ఇచ్చాను" అన్నాడు. మా మామగారిది వాడు పుట్టకముందు నుంచీ ఉన్న ఉబ్బసం దగ్గు. ఈ భయం వీడికి ఎవరు ఎక్కించారా అని ఆలోచిస్తే, ఎక్కించింది నేనే. మార్చిలో, పని త్వరగా జరుగుతుందని, "నువ్వు కడుక్కోకపోతే తాతయ్యకి వచ్చేస్తుంది రా" అన్నాను. ఒకసారి కాదు, రోజూ. అప్పటి నార్వే ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ అదే నెలలో కేవలం పిల్లల కోసం ఒక మీడియా సమావేశం పెట్టి, వాళ్ల ప్రశ్నలకు జవాబులిచ్చి, భయం వేయడం తప్పేమీ కాదని చెప్పారట. చాలా రోజుల తర్వాత అది చదివినప్పుడు సిగ్గేసింది. నాకు తోచింది బెదిరింపు ఒక్కటే.

వీడియో కాల్‌లో పిల్లల సైకాలజిస్ట్‌తో మాట్లాడాం. ఆవిడ వాడికేదో జబ్బు పేరు తగిలించలేదు గానీ రెండు విషయాలు గట్టిగా చెప్పారు. ఒకటి: ఇలాంటి అలవాటు రోజులో గంటకు పైగా సమయం తింటున్నా, నిద్రకో ఆటకో అడ్డొస్తున్నా, "పెద్దయితే పోతుందిలే" అని ఆగకూడదు. రెండోది నేను అసలు ఊహించనిది: వాడు "శుభ్రంగా ఉన్నాయా అమ్మా?" అన్న ప్రతిసారీ నేను "ఉన్నాయి నాన్నా" అని ధైర్యం చెప్పడమే దాన్ని పెంచుతోందట. ఆ మాట వినగానే వాడికి రెండు నిమిషాలు హాయి, తర్వాత అనుమానం రెట్టింపు. దురదని గోకినట్టు.

దాంతో, కడుక్కోవాల్సిన వేళలు వాడితోనే కాగితం మీద రాయించాం. మిగతా సమయాల్లో కడగాలనిపిస్తే ఐదు నిమిషాలు ఆగాలి. అది కుదిరాక పది. "శుభ్రంగా ఉన్నాయా?" అంటే అవుననీ కాదనీ చెప్పకుండా "నీకేమనిపిస్తోంది?" అని అడగాలి. చెప్పినంత తేలిక కాదండీ. మొదటి వారం వాడు బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి వణికిపోతుంటే మావారు చూడలేక రెండుసార్లు తలుపు తీసేశారు. మాకంటే మామగారే నయం. "ఈ దగ్గుకి నీకంటే వయసెక్కువ రా, నువ్వు తెచ్చింది కాదు" అని వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కావాలనే వాడి చేతిలోంచి రిమోట్ తీసుకునేవారు. మూడు నెలలకి పగుళ్లు మానాయి.

పాపది ఇంకో రకం. ఎప్పుడడిగినా "బాగానే ఉందమ్మా." ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి నల్లటి గడిలో పేరు మాత్రం కనిపించేలా కూర్చునేది. ఒక్క క్లాసు కూడా తప్పట్లేదని టీచర్లు మెచ్చుకున్నారు, మేమూ మురిసిపోయాం. రాత్రి మూడింటి దాకా మెలకువగా ఉంటోందని, స్నేహితుల గ్రూపుల్లోంచి ఒక్కొక్కటిగా బయటికొచ్చేసిందని మాకు తెలియదు.

అక్టోబర్‌లో ఇల్లు సర్దుతూ మూల పడి ఉన్న స్కూలు బ్యాగు తెరిచాను. ఆఖరి రోజు టైమ్‌టేబుల్ ప్రకారం పెట్టుకున్న పుస్తకాలు అలాగే ఉన్నాయి. పక్క జేబులో సీసా, అందులో సగం నీళ్లు. మార్చి నాటివి. పారబోద్దామని మూత తిప్పుతుంటే పాప పరుగున వచ్చి లాక్కుంది. "దాన్ని ముట్టుకోకు" అని అరిచి, సీసా పట్టుకుని నేల మీదే కూర్చుని ఏడ్చింది. ఏడు నెలల్లో తను ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. మరుసటి రోజు మళ్లీ కలుస్తామనుకుని ఇంటికొచ్చిన పిల్ల. ఎవరికీ వెళ్లొస్తానని కూడా చెప్పలేదు.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని తప్పే: ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైందో చెప్పు" అన్నాను. "ఏం లేదు" అంది. రెండు రోజులకి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని బట్టలు మడతపెడుతుంటే, నా మొహం చూడకుండా అదే మొదలుపెట్టింది. ఆ వయసు పిల్లలు చేతిలో పని ఉంటేనే మాట్లాడతారని నా నమ్మకం. ఆ మాటల్లోనే "నేను లేకపోయినా ఎవరికీ తేడా తెలీదు" అంది. నా చేతులు చల్లబడిపోయాయి. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం, నాకూ ఉండేది. అది అపోహ, సూటిగా, నెమ్మదిగా అడగాలి. అడిగాను. "అలా కాదు గానీ..." అంది. ఆ "గానీ" చాలు. ఆ సాయంత్రమే డాక్టర్‌కి ఫోన్ చేశాం. మీ ఇంట్లో ఇలాంటి మాట వినిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకండి.

చికిత్స అంటే పెద్ద పెద్ద ఉపదేశాలు ఉంటాయనుకున్నాను. చాలావరకు చిన్న పనులే. ఎన్నింటికి పడుకున్నా ఒకే టైముకి లేవడం, లేవగానే కాసేపు ఎండలో నిలబడటం. టీనేజ్‌లో ఒంట్లోని గడియారం మామూలుగానే ఆలస్యంగా నడుస్తుంది, నిద్ర లేటుగా వస్తుంది, దానికి స్కూలు బెల్లు కూడా లేకపోతే పట్టపగ్గాలుండవు. ఇష్టం కలిగేదాకా ఆగకుండా, ఇష్టం లేకపోయినా రోజూ ఏదో ఒక పని చేయడం. ఒకే ఒక్క స్నేహితురాలితో మళ్లీ కలవడం. ఇద్దరూ వీడియో కాల్ పెట్టుకుని గంటసేపు మాట్లాడకుండా ఎవరి బొమ్మ వాళ్లు వేసుకునేవాళ్లు. ఇదేం స్నేహం రా బాబూ అనుకున్నాను గానీ, పని చేసింది అదే.

2021లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. 29 అధ్యయనాలు, 80 వేలకు పైగా పిల్లలు. దాదాపు నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు, ఐదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు, అంటే కోవిడ్‌కు ముందున్న అంచనాలకు సుమారు రెట్టింపు. కుంగుబాటు పెద్ద పిల్లల్లో, ఆడపిల్లల్లో ఎక్కువట. మా ఇల్లు మొత్తం అందులో కనిపించింది. అయితే "లాక్‌డౌన్ ఒక తరాన్నే నాశనం చేసింది" అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ నలుగురిలో మిగతా ముగ్గురూ ఉన్నారు కదా. మా చెల్లెలి కొడుకునే తీసుకోండి, బడిలో రోజూ ఏడిపించేవాళ్లు వాణ్ణి. బడి మూసేశాకే కంటినిండా నిద్రపోయాడు. వాడికి కష్టం మళ్లీ తెరిచినప్పుడు మొదలైంది.

అందుకే, మీ పిల్లలు అల్లరి చేశారా లేదా అని చూడకండి. అంతకుముందు లేని ఏ కొత్త బుద్ధిమంతనం వచ్చిందో చూడండి.

పాప ఇప్పుడు కాలేజీలో ఉంది, ఆ రోజుల గురించి తనే మాట్లాడుతుంది. బాబుకి ఇంకా పరీక్షల ముందు చేతులు గుర్తొస్తుంటాయి, కానీ వాడికి ఏం చేయాలో తెలుసు. మొన్న బయటికి వెళ్తూ తాళం సరిగ్గా పడిందో లేదో చూడమని వాణ్ణి రెండోసారి అడిగాను. మెట్ల మీద ఆగి, "నీకేమనిపిస్తోందమ్మా?" అన్నాడు.