జ్యూరీ డ్యూటీ పిలుపు అందుకున్న మా చిట్టికి

చిట్టితల్లికి,

అత్తయ్య ఆశీస్సులు. మొన్న మధ్యాహ్నం మీ నాన్న ఫోన్ చేశాడు. తణుకులో అప్పటికి తెల్లవారుజాము నాలుగు. "అక్కా, పిల్లకి కోర్టు నుంచి సమన్లు వచ్చాయట, అది ఏం చేసిందే?" అని ఒకటే గాభరా. మన వైపు కోర్టు కాగితం అంటే పొలం గట్టు తగవో, బాకీ దావానో కదా. వాడికి నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. కేసు కాదురా, నీ కూతురు అమెరికా పౌరురాలైంది, ఒక కేసు విని తీర్పు చెప్పే పన్నెండు మందిలో కూర్చోవడానికి పిలిచారు అన్నాను. "మన చిట్టి తీర్పు చెబుతుందా?" అని కాసేపు మాట్లాడలేదు. వాడి గొంతు గద్గదమైందని నాకు తెలుస్తూనే ఉంది. నా పరిస్థితీ అంతే. ఊళ్ళో తగవులు తీర్చడానికి మీ తాతయ్యని పిలుచుకెళ్ళేవాళ్ళు. ఆయన మనవరాలివి నువ్వు.

ఆ సంతోషంలో ఉండగానే నీ మెసేజ్ చూశాను. "ఇంగ్లీషు సరిగా రాదని టిక్ పెట్టేస్తే వదిలేస్తారట అత్తయ్యా, మా ఫ్రెండ్ అలాగే చేసింది" అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే తిట్టేసి పెట్టేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు మినహాయింపు అడగడంలో తప్పేమీ లేదు. అది ముందు మనసులో పెట్టుకో. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి మూడు వారాలు కాని తల్లి ఇంట్లో ఉంది. అల్లుడు సోమవారం వెళ్ళి గురువారం రాత్రికి వస్తాడు. మూడేళ్ళ పిల్లాణ్ణి డేకేర్ నుంచి ఆరింటిలోపు తెచ్చుకోవాలి. ఇంతకన్నా కారణం ఏం కావాలి? నీ దగ్గర నిజమే అంత గట్టిగా ఉంటే అబద్ధం ఎందుకే?

నేనూ ఆ ప్రశ్న వేసుకోవలసిన రోజున వేసుకోలేదు. ఇది ఇంతవరకూ మీ మావయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1998. నాకు సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్ళు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మీ మావయ్య పగలు చూసుకుని రాత్రి షిఫ్టుకి వెళ్ళేవారు. నేను పగలు ఆఫీసులో లెక్కలు చూసి రాత్రి ఆవిడ పక్కన పడుకునేదాన్ని. మావయ్య మధ్యాహ్నం నాలుగింటికి బయల్దేరాలి, నేను నాలుగింటికి గుమ్మంలో ఉండాలి. అలా గడియారం పట్టుకుని బతుకుతుంటే జ్యూరీ కాగితం వచ్చింది. అప్పట్లో రోజుకి 5 డాలర్లు ఇచ్చేవారు. డబ్బు సంగతి కాదు, కోర్టు నుంచి నాలుగింటికి ఎలా వస్తాను?

ఆ మాటే రాసి ఉంటే సరిపోయేది. కానీ నాకు నామోషీ అడ్డొచ్చింది. అత్తగారికి పక్క మీదే అన్నీ చేయాలి, ఆ సంగతి ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఎందుకు రాయడం, ఇంటి గుట్టు కదా అనుకున్నాను. గుళ్ళో కలిసిన ఒకావిడ నీ ఫ్రెండ్ చెప్పిన మాటే చెప్పింది. ఇంగ్లీషు రాదని గడిలో టిక్ పెట్టి సంతకం చేసి పంపేశాను. ఆ సంతకం పైనే చిన్న అక్షరాల్లో, అబద్ధమైతే శిక్షకి లోబడతానని ఉంటుంది. నేను చదివాను. చదివే సంతకం పెట్టాను.

వదల్లేదు. స్వయంగా వచ్చి చెప్పమన్నారు. ఆ ఉదయం కోర్టు వరండాలో మెళ్ళో వేలాడుతున్న ఆఫీసు కార్డు తీసి, చేతిసంచీలో పెరుగన్నం డబ్బా కింద దాచాను. ఇప్పటికీ ఆ డబ్బా మూత మీది చెమ్మ నా వేళ్ళకి గుర్తుంది. లోపల జడ్జిగారు ఒక్కొక్కరినీ పిలిచి రెండు మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. నా వంతు వచ్చింది. ఏం పని చేస్తారమ్మా అని మెల్లిగా, ఒక్కో మాటా విడదీసి అడిగారు. పదకొండేళ్ళుగా ఇంగ్లీషులో లెక్కలు రాస్తున్న దాన్ని, "హౌస్... వర్క్... ఓన్లీ" అన్నాను. గొంతు వణికింది. అది నటన కాదు, భయం. ఆయన జాలిపడి, థాంక్యూ మేడమ్, మీరు వెళ్ళవచ్చు అన్నారు.

నా వెనక ఒక ముసలాయన ఉన్నారు. వియత్నాం వాళ్ళనుకుంటాను. ఇస్త్రీ చొక్కా, పై గుండీ దాకా పెట్టుకున్నారు. నేను తలుపు దాకా వెళ్ళేసరికి ఆయన మాట వినపడింది. "ఐ వాంట్. ఐ లెర్న్. ప్లీజ్." అంతే వచ్చు ఆయనకి. ఆ మూడు ముక్కలూ కూడదీసుకుని కూర్చోనివ్వమని అడుగుతున్నారు.

ఇంటికి వచ్చాను. ఏమైందన్నట్టు అత్తగారు ఎడమ చెయ్యెత్తి ఊపారు. ఆవిడకి మాట రాదు, నిజంగా రాదు. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. ఆవిడ పోయేదాకా ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళు కౌంటీ ముద్ర ఉన్న కవరు ఏది వచ్చినా, కరెంటు బిల్లు పక్కన పెట్టి ముందు అదే చింపేదాన్ని, చేతులు చల్లబడిపోయి.

అందుకని చెబుతున్నా, ఆ గడి జోలికి వెళ్ళకు. పౌరురాలిని కాను అనే గడి జోలికి అసలే వెళ్ళకు. పోయినేడు చెయ్యెత్తి ప్రమాణం చేసి వచ్చావు, ఇప్పుడు ఆ మాట కాదని సంతకం పెడితే అది ఎక్కడెక్కడికి పోయి తగులుతుందో తలుచుకుంటేనే నాకు గుండె దడ. పోలీసులంటే నాకు పడదని జడ్జి ముందు అను, పక్షపాతం ఉందని ఇంటికి పంపేస్తారు అని ఎవరో ఒకరు చెబుతారు. అదీ వద్దు.

అల్లుడి సంగతి వేరు. అతనికింకా గ్రీన్ కార్డే. అతనికీ ఏదో ఒకనాడు ఈ కాగితం వస్తుంది, ఎందుకంటే కాలిఫోర్నియాలో పేర్లు ఓటర్ల జాబితా నుంచే కాదు, డ్రైవింగ్ లైసెన్సులు, పన్ను కట్టేవాళ్ళ జాబితాల నుంచి కూడా తీస్తారు. అతను పౌరుణ్ణి కానని నిజం రాసి పంపాలి, అంతే. వర్తించదు కదా అని చెత్తబుట్టలో వెయ్యకూడదు. జవాబివ్వకపోతే జరిమానా 1,500 డాలర్ల దాకా వెయ్యొచ్చు.

ఇక నువ్వు చెయ్యవలసింది. ముందు గడువు తేదీ చూసి ఫ్రిజ్ మీద అతికించు. కోర్టు వెబ్‌సైటులో నీ జ్యూరర్ నంబరుతో లోపలికి వెళ్తే వాయిదా అడగడానికి ఒకటి, మినహాయింపు అడగడానికి ఒకటి ఉంటాయి. నీకు వాయిదా చాలు. మీ అమ్మ నాలుగు నెలల్లో నడుస్తుంది, అప్పుడు వెళ్ళి కూర్చుందువుగాని. అడగందే అమ్మైనా పెట్టదు, కానీ అవసరమైనంతే అడగాలి. మొదటిసారి వాయిదా మామూలుగా ఇస్తారు. వాళ్ళిచ్చే గడువు చాలకపోతే అప్పుడు మినహాయింపుకి రాయి.

రాసేటప్పుడు ఆఫీసులో ప్రాజెక్టు ఉందనీ మేనేజర్ ఒప్పుకోడనీ రాయకు. ఇబ్బంది, అసౌకర్యం అన్న మాటలకి ఇక్కడి రూలు ప్రకారం మినహాయింపు రాదు, మహా అయితే వాయిదా. జ్యూరీకి వెళ్ళినందుకు ఉద్యోగంలోంచి తీసెయ్యడానికీ వీల్లేదు, ముందుగా చెబితే చాలు. జీతం ఇవ్వాలని మాత్రం లేదు, కోర్టు ఇచ్చేది రెండో రోజు నుంచి రోజుకి 15 డాలర్లు, అది కూడా లెక్కలో వేసుకో. కోర్టువాళ్ళు చూసేది వేరు: నీ చేతి సాయం తప్పనిసరైన మనిషి ఇంట్లో ఉన్నారా, నీ బదులు చూసేవాళ్ళు దొరుకుతారా, డబ్బిచ్చి పెట్టుకుంటే మీ కుటుంబం భరించగలదా. ఆ మూడింటికీ సూటిగా జవాబు రాయి. మీ అమ్మ మంచం మీంచి వాకర్ దాకా రావాలంటే మనిషి పట్టుకోవాలి. రోజుకి ఎన్నిసార్లు, ఏ వేళల్లో, అది రాయి. ఇంగ్లీషు రాదు కనక తెలియని నర్సుకి నొప్పి ఎక్కడో చెప్పుకోలేదు, అది రాయి. విజిటర్ ఇన్సూరెన్సు ఇంటికి వచ్చే మనిషికి పైసా ఇవ్వనంటోందన్నావు కదా, అదీ రాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర ఒక కాగితం తీసుకో, ఎన్ని వారాలు ఒంటరిగా వదలకూడదో అందులో తేదీలతో ఉండాలి. మొత్తం ఒక పేజీ దాటనివ్వకు. పక్క మీద చెయ్యవలసిన పనుల సంగతి రాయడానికి నామోషీ పడకు, తల్లీ. చదివే గుమాస్తా ఇంట్లో కూడా ఒక ముసలమ్మ ఉండే ఉంటుంది.

వాయిదా ఇచ్చినట్టు జవాబు వచ్చేదాకా వెళ్ళాల్సిందే అనుకో. ముందురోజు సాయంత్రం సమన్ల మీదున్న నీ గ్రూపు నంబరు పిలిచారో లేదో చూసుకో. పిలిస్తే వెళ్ళి నిలబడు. కేసు మొదలయ్యే ముందు ఇన్ని రోజులు పడుతుంది, ఎవరికి కష్టమో చెప్పండి అని జడ్జే అడుగుతారు. అప్పుడు కూడా చెప్పుకోవచ్చు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. జ్యూరీకి రాలేదని నీ మీద వారంటు ఉంది, వెంటనే డబ్బు కట్టు, గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పు అని షెరీఫ్ ఆఫీసు, అంటే కౌంటీ పోలీసుల పేరుతో ఫోన్ వస్తుంది. దొంగలు. కోర్టు ఫోన్లో డబ్బు అడగదు. నీకు తెలుసు, కానీ మీ అమ్మకి తెలియదు. ఇంట్లో ఉండి ఫోన్ తీసేది తనే. తెలుగులో కూర్చోబెట్టి చెప్పు, రెండుసార్లు చెప్పు.

మన దేశంలో జ్యూరీ లేదు కనక మనకి ఇదంతా వెట్టిచాకిరీలా అనిపిస్తుంది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ ఆఫీసరు నానావతి కేసు గురించి మీ తాతయ్య చెబుతుండేవారు. 1959లో బొంబాయిలో జ్యూరీ ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు. ఆ తర్వాత 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి జ్యూరీ ఊసే లేదు. "తొమ్మిది మంది మామూలు మనుషులు ఒక మనిషి బతుకు గురించి అంతసేపు ఆలోచించారమ్మా" అనేవారు తాతయ్య, తీర్పు తప్పో ఒప్పో చెప్పకుండా.

నాకు మళ్ళీ పిలుపు 2007లో వచ్చింది. అత్తగారు లేరప్పటికి. ఆఫీసు కార్డు మెళ్ళోనే ఉంచుకుని వెళ్ళాను. ఐదు రోజులు కూర్చున్నాను. దుకాణంలో దొంగతనం కేసు. కుర్రాడికి ఇరవై కూడా ఉండవు, వాళ్ళమ్మ రోజూ అదే స్వెట్టరుతో వచ్చి వెనక వరసలో కూర్చునేది. మేం పన్నెండు మందీ ఒకే మాట మీదకి రావాలి. రసీదు మీది టైము మరోసారి చూద్దాం అని అడిగినవాళ్ళలో నేనొకదాన్ని, లెక్కలు చూసే అలవాటు కదా. దానికోసం ఇంకో పూట కూర్చున్నాం. ఎవరూ విసుక్కోలేదు. ఆ ఐదు రోజులూ ఆ వియత్నాం ముసలాయన గుర్తుకొస్తూనే ఉన్నారు. నీకూ ఆ కుర్చీ దక్కాలని నా కోరిక. ఇప్పుడు కాదు, మీ అమ్మ కాళ్ళ మీద నిలబడ్డాక.

చివరగా ఒక చిక్కు. నేను వచ్చి మీ అమ్మ దగ్గర ఉంటానని చెబుదామనుకున్నాను. గంటన్నర దారే కదా. కానీ నేను వస్తే, చూసేవాళ్ళు లేరని నువ్వు రాయడం నిజం కాదు. రెండు రోజులు ఆలోచించాను. నాకు 71, మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఒక పూట పక్కన కూర్చోగలను, మందులివ్వగలను. ఎత్తి నిలబెట్టలేను. అందుకని ఉన్నది ఉన్నట్టు రాయి: మా మేనత్త ఒకరోజు రాగలదు, లేవదీయలేదు, వారాల తరబడి ఉండలేదు అని. ఎవరూ లేరని మాత్రం రాయకు, నేనున్నాను.

శనివారం పొద్దున్నే బయల్దేరుతున్నా. ములక్కాడ పులుసు, కందిపొడి తెస్తున్నాను, మీ అమ్మకి వేరే ఏమీ వండకు. నువ్వు రాసిన కాగితం, డాక్టరు ఉత్తరం, ఆ సమన్లు డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఉంచు. పిల్లాడు పడుకున్నాక కూర్చుని ఒకసారి చదివి, పంపేద్దాం.

మీ అత్తయ్య