రబ్బీ అంటే పూజారా?

సందేహం: బైబిల్లో శిష్యులు యేసును 'రబ్బీ' అని పిలుస్తారు. పత్రికల్లో దీన్ని 'యూదు పూజారి' అనీ, ఒక్కోసారి 'రబీ' అనీ రాస్తున్నారు. ఏది సరి? ఉర్దూ 'రబ్'తో దీనికి చుట్టరికముందా?

సమాధానం: హీబ్రూలో 'రవ్' అంటే పెద్ద, ఘనుడు. చివరి ఇకారం 'నా' అనే అర్థమిచ్చే ప్రత్యయం. అది చేరగానే వకారంగా పలికే హల్లు ద్విత్వమై బకారమవుతుంది. కనుక ఒత్తు తీయకూడదు. 'రబీ' అని రాస్తే యాసంగి పంట అవుతుంది. అది వసంతమనే అర్థమున్న వేరే అరబ్బీ మాట. ఉర్దూలోకి వచ్చిన అరబ్బీ 'రబ్' మాత్రం దీని దాయాదే. అయితే ముస్లిములు 'యా రబ్బీ' అని వేడుకునేది దేవుణ్ణి. యూదులు రబ్బీ అనేది మనిషిని. అర్థంలో దీనికి దగ్గరిది 'మౌలానా', అంటే 'మా స్వామి'.

బరువైన అనే అర్థమున్న 'గురు' శబ్దం మనకు బోధించేవాడి పేరైనట్టే అక్కడ 'పెద్ద' అనే మాట బోధకుడికి స్థిరపడింది. మొదట్లో ఇది పిలుపు మాత్రమే. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిన తర్వాతి తరాల్లో పేరుకు ముందు చేర్చే బిరుదైంది. అందుకే అంతకుముందటి మహాపండితులు హిల్లేలు, షమ్మయిల పేర్లకు అది ఉండదు. బబులోను పండితులకేమో ఉత్త 'రవ్' అనే వాడుక. బోధనాధికారమిచ్చే 'సెమిఖా' ఇశ్రాయేలు దేశంలోనే జరిగేది మరి.

'పూజారి' అనడం పెద్ద పొరపాటు. దేవాలయంలో బలులు అర్పించినవారు 'కొహేన్'లు, అహరోను వంశీకులు. తెలుగు బైబిలు వారిని యాజకులంది. అది పుట్టుకతో వచ్చే హోదా. రబ్బీ కావాలంటే ధర్మశాస్త్రం చదివి అధికారం పొందాలి. సామూహిక ప్రార్థనకు సంప్రదాయం ప్రకారం పదిమంది వయోజన పురుషులుండాలి గానీ, రబ్బీ ఉండి తీరాలని లేదు. 1935లో జర్మనీలో రెజీనా యోనాస్ అనే మహిళ కూడా రబ్బీ అయ్యారు. అందువల్ల స్త్రీ పురుషులిద్దరికీ సరిపోయే 'యూదు మతగురువు' మేలైన అనువాదం.

ఇక దీర్ఘం సంగతి. యోహాను 1:38లో పిలుపు 'రబ్బీ', వివరణలో 'రబ్బియను మాట' అని ఉంటుంది. కవి, కవీ అన్నట్టు మన ఇకారాంతాలు సంబోధనలో దీర్ఘమవుతాయి కదా, ఆ పద్ధతే అది. నేటి వాడుకలో మాత్రం దీర్ఘమే నిలిచిపోయింది. దాన్నే ఉంచి రబ్బీకి, రబ్బీలు అని రాయండి. 'రబ్బులు' వ్యాకరణానికి ఒదిగినా చదివేవారికి మూలపదం తట్టదు.